చివరి కుర్చీలో చిన్న ఆసు

పేక ముక్క విలువ దాని మీద అచ్చయిన గుర్తులో కొంత, ఆట నియమంలో కొంత, దానిని పట్టుకున్న ఆటగాడు కూర్చున్న చోటులో కొంత ఉంటుంది. ఈ మూడింటిలో మూడవదానిని సామాన్య ఆటగాడు పట్టించుకోడు. ఆటను గణితంగా చూసేవాడు మాత్రం తన లెక్కను అక్కడి నుంచే మొదలుపెడతాడు. పోకర్ అనే ఆటలో బలహీనమైన తోడు ముక్కతో వచ్చిన ఆసును ఎవరు, ఎప్పుడు ఆడవచ్చు, ఎప్పుడు పారేయాలి అన్న ప్రశ్న ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. ఆ ప్రశ్నను, దాని వెనుక ఉన్న లెక్కను, తెలుగు నేల మీద ఆ లెక్క చట్టంతో ముడిపడిన తీరును వివరించడం ఈ వ్యాస విషయం.

ముక్క విలువ స్థిరమైనది కాదన్న సంగతి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు కొత్త కాదు. కొయ్యబొమ్మలకు, వర్ణచిత్రాలకు పేరుపొందిన నిర్మల్ ఒకప్పుడు గంజీఫా ముక్కల తయారీకి కూడా కేంద్రంగా ఉండేది. గుండ్రని పలకల మీద చేతితో బొమ్మలు వేసే ఆ ముక్కల్లో మొఘల్ గంజీఫా అనే రకానికి ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున మొత్తం 96 ముక్కలు ఉంటాయి. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి పైస్థానాల్లో ఉన్నా, వాటి తరువాతి క్రమం అన్ని రంగులకూ ఒకటి కాదు: నాలుగు రంగుల్లో పది పెద్దది, ఒకటి అన్నిటికన్నా చిన్నది, మిగిలిన నాలుగు రంగుల్లో ఒకటే మంత్రి తరువాత నిలుస్తుంది, పది అట్టడుగుకు పోతుంది. అంటే ఒకే ఒక చుక్క ఉన్న ముక్క ఒక రంగులో దొరలాగా, మరొక రంగులో కూలిలాగా ఉండేదన్నమాట.

అదే ఉమ్మడి జిల్లాలోని బొగ్గు గనుల పట్టణమైన బెల్లంపల్లిలో గాని, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం వెంట ఉన్న మరే ఊరిలో గాని పత్తాలాట అనగానే గుర్తుకు వచ్చేవి రెండు: పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కల తీన్ పత్తీ. రమ్మీలో ఆసు రాణి, రాజుల తరువాత గాని, రెండు, మూడుల ముందు గాని వరుసలో కుదిరితేనే పనికివస్తుంది. ఏ వరుసలోనూ ఇమడకపోతే అది చేతిలో పది పాయింట్ల బరువు. అందువల్లనే 101 పాయింట్ల పూల్ ఆటలో చేయి బాగాలేనివాడు ముక్క తీయకముందే 20 పాయింట్లతో డ్రాప్ అవుతాడు. ఒకటి రెండు ముక్కలు తీసి చూసి ఆపైన తప్పుకుంటే 40, చివరిదాకా నిలిచి ఏమీ కుదరక ఓడితే 80 దాకా పడతాయి. తక్కువ నష్టంతో వేళకు తప్పుకోవడం ఆటలో భాగమేనని రమ్మీ ఆడినవారందరికీ తెలుసు. పోకర్‌లో ఆ తెలివి ఇంకా ముందుగా, ప్రతి పంపకంలోనూ అవసరమవుతుంది.

ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువగా ఆడే పోకర్ రకం పేరు టెక్సస్ హోల్డెమ్. ఇందులో ప్రతి ఆటగాడికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆ తరువాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు, మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఇంకొకటి. తన రెండు, ఉమ్మడి అయిదు, ఈ ఏడింటిలో మేలైన అయిదు ముక్కలే ఆటగాడి చేయి. ముక్కలు పంచిన వెంటనే ఒకసారి, ఉమ్మడి ముక్కలు తెరిచిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగు విడతలు పందెం సాగుతుంది. ప్రతి విడతలోనూ ఆటగాడు ఎదుటివాడి పందేనికి సమానంగా పెట్టవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పారేసి తప్పుకోవచ్చు.

ఇక్కడే స్థానం అనే భావన ప్రవేశిస్తుంది. పంపకందారు ఎవరో తెలిపే బిళ్లను బటన్ అంటారు. అది ఆట ఆటకూ ఒక కుర్చీ చొప్పున జరుగుతుంది. బటన్‌కు ఎడమవైపున ఉన్న మొదటి ఇద్దరు ముక్కలు చూడకముందే నిర్ణీత సొమ్ము పెట్టాలి. వాటిని చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు అంటారు. తీన్ పత్తీలో బ్లైండు ఆడటం అంటే ముక్కలు చూడకుండా ఇష్టపడి ఆడటం; హోల్డెమ్‌లో మాత్రం అది ఆ ఇద్దరి మీద పడే తప్పనిసరి పందెం. ఉమ్మడి ముక్కలు తెరిచాక ప్రతి విడతలోనూ బటన్ మీద ఉన్నవాడే అందరికన్నా చివర మాట్లాడతాడు. అతను, అతనికి కుడివైపున ఉన్న ఒకరిద్దరు కూర్చున్న చోట్లనే చివరి స్థానాలు అంటారు. ఇతరులు ఏమి చేశారో చూసి ఆపైన తన పని నిర్ణయించుకునే సౌకర్యం ఆ కుర్చీలకే ఉంది.

ఆసుకు తోడుగా రాజు, రాణి వంటి పెద్ద ముక్క వస్తే అది ఎక్కడి నుంచైనా ఆడదగిన చేయి. తోడు ముక్క తొమ్మిది, ఏడు, నాలుగు వంటిదైతే దానిని బలహీనమైన ఆసు అంటారు. దీని బలహీనత ఆసులో లేదు, తోడులో ఉంది. ఉమ్మడి ముక్కల్లో ఒక ఆసు తెరుచుకుందనుకుంటే, ఆసు ఉన్న ఇద్దరికీ ఆసుల జోడీయే వస్తుంది. ఇద్దరిలో గెలుపు ఎవరిదో తోడు ముక్క తేలుస్తుంది. ఆసు-ఏడు పట్టుకున్నవాడు ఆసు-రాజు పట్టుకున్నవాడితో తలపడితే, అయిదు ముక్కలూ తెరిచేసరికి నాలుగింట మూడుసార్లకు దగ్గరగా రెండవవాడే గెలుస్తాడు. అంతకన్నా ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది: కోరుకున్న ఆసు తెరుచుకోకపోతే నష్టం చిన్నదిగా ఉంటుంది, తెరుచుకుంటేనే పెద్దదవుతుంది. తన చేతికి బలం వచ్చిందని నమ్మి ఆటగాడు డబ్బు కుమ్మరించే సమయం అదే కాబట్టి, ఈ చేయి గెలిచినప్పుడు కొంచెం తెచ్చి, ఓడినప్పుడు ఎక్కువ తీసుకుపోతుంది.

ఎదుటివారి వద్ద ఇంకొక ఆసు ఉండే అవకాశం ఎంత అన్నది లెక్కకు లొంగే విషయం. ఒక ఆసు తన చేతిలో ఉంటే, కనిపించని 50 ముక్కల్లో మూడు ఆసులు ఉంటాయి. తొమ్మిదిమంది ఆడే బల్ల మీద అందరికన్నా ముందు మాట్లాడవలసినవాడి వెనుక ఎనిమిదిమంది, అంటే 16 ముక్కలు ఉంటాయి. వాటిలో కనీసం ఒక ఆసు ఉండే అవకాశం నూటికి 69 దాటుతుంది. అదే ఆటగాడు బటన్ మీద కూర్చుని, తన ముందున్నవారంతా ముక్కలు పారేశాక చూస్తే, మిగిలేది మొదటి విడతలో చివర మాట్లాడే ఇద్దరు బ్లైండుదారులు, వారి నాలుగు ముక్కలు. అప్పుడు ఆ అవకాశం నూటికి 23కు దిగిపోతుంది. బటన్‌కు కుడివైపు కుర్చీలో, వెనుక ముగ్గురున్నప్పుడు, అది నూటికి 32. పారేసినవారి చేతుల్లో ఆసులు తక్కువగా ఉంటాయి కాబట్టి మిగిలినవారి దగ్గర ఉండే అవకాశం ఈ లెక్క కన్నా కొద్దిగా ఎక్కువే ఉంటుంది. అయినా 69కీ 23కీ మధ్య ఉన్న దూరాన్ని ఆ సవరణ పూడ్చలేదు. ముక్కలు అవే, కుర్చీ మారింది, చేయి స్వభావమే మారింది.

ఎదుటివాడికి ఆసు ఉన్నంత మాత్రాన అతను ముందున్నట్టేనా అంటే, దానికీ తోడు ముక్కే జవాబు. ఆసు-నాలుగు పట్టుకున్నవాడికి ఎదురుగా ఒక ఆటగాడి వద్ద ఆసుతో కూడిన జంటలు 144 విధాలుగా రావచ్చు. వాటిలో 111 తనకన్నా మేలైనవి, 9 సమానమైనవి, 24 మాత్రమే తక్కువవి. ఆసు-ఏడు అయితే మేలైనవి 75, సమానమైనవి 9, తక్కువవి 60. కాగితం మీద ఏడు తోడు కొంత నయంగా కనిపిస్తుంది గాని, ఆసు-రెండు, ఆసు-మూడు వచ్చినవారు పెంచిన పందేనికి సాధారణంగా ఎదురు నిలవరు, ఆసు-రాజు, ఆసు-రాణి వచ్చినవారు తప్పక నిలుస్తారు. అందువల్ల పందెం ఒప్పుకుని నిలిచిన ఆసు పారేసిన ఆసు కన్నా ఎప్పుడూ పెద్దదై ఉంటుందన్న అనుమానంతోనే ఆటగాడు ముందుకు సాగాలి.

ఇన్ని ప్రమాదాలున్న చేతిని చివరి స్థానం నుంచి ఎందుకు ఆడాలి అన్న ప్రశ్నకు సమాధానం బ్లైండుల సొమ్ములో ఉంది. చిన్న బ్లైండు 50, పెద్ద బ్లైండు 100 చిప్‌లనుకుంటే, ఎవరూ నోరు విప్పకముందే బల్ల మధ్యలో 150 ఉన్నాయి. బటన్ మీద ఉన్నవాడు పందేన్ని 250కి పెంచితే, 150 కోసం 250 పణంగా పెట్టినట్టు. ఎదురు నిలిచినప్పుడల్లా అతను ఓడిపోతాడని ఊహించినా, ఎనిమిదింట అయిదుసార్లు, అంటే నూటికి 62.5 సార్లు ఇద్దరూ తప్పుకుంటే అతనికి నష్టం లేదు. ఒక్కొక్క బ్లైండుదారు అయిదింట నాలుగుసార్లు పారేస్తే, ఇద్దరూ పారేసే అవకాశం నూటికి 64. అంటే ముక్కల బలంతో పని లేకుండానే పెంపు గిట్టుబాటవుతుంది. అదే పెంపును మొదటి కుర్చీ నుంచి చేస్తే, ఎనిమిదిమందీ ఒక్కొక్కరు పదింట తొమ్మిదిసార్లు పారేసినా అందరూ ఒకేసారి తప్పుకునే అవకాశం నూటికి సుమారు 43 మాత్రమే. ఇందులో మరొక లాభం కూడా కలుస్తుంది: ఎదురు నిలిచినప్పుడు కూడా బలహీనమైన ఆసు పూర్తిగా నిస్సహాయం కాదు. ఏ ముక్కలు వచ్చాయో తెలియని ఒక ఆటగాడితో ఒంటరిగా తలపడితే, రంగు కలవని ఆసు-రెండు సైతం నూటికి సుమారు 55 వంతుల బలం చూపుతుంది.

బలహీనమైన ఆసులన్నీ ఒక్క స్థాయివి కావు. రెండు ముక్కలూ ఒకే రంగువైతే, అంటే ఇస్పేటుకు ఇస్పేటు, ఆఠీనుకు ఆఠీను కలిస్తే, మొదటి మూడు ఉమ్మడి ముక్కలతో కలర్‌కు, అంటే ఒకే రంగు ముక్కలు అయిదు చేరడానికి, ఇంకొక్క ముక్క దూరంలో నిలిచే అవకాశం నూటికి 11 దాకా ఉంటుంది. కలర్ పూర్తయినప్పుడు అందులో ఆసు ఉన్నవాడిని మించిన కలర్ సాధారణంగా ఉండదు. తోడు ముక్క రెండు నుంచి అయిదు లోపుదైతే ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు అనే చిన్న వరుసకు కూడా రెండు ముక్కలూ పనికివస్తాయి; ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది తోడుగా ఉంటే ఆ రెండు ముక్కలు కలిసి ఏ వరుసలోనూ ఇమడవు. అందువల్ల ఒకే రంగు ఆసు-అయిదును అనుభవజ్ఞులు ఒకే రంగు ఆసు-ఆరు కన్నా ఇష్టపడతారు. ఇంకొక సూక్ష్మం ఏమిటంటే, తన చేతిలో ఒక ఆసు ఉండటం వల్ల ఎదుటివాడి చేతిలో ఆసుల జోడీ వచ్చే విధాలు ఆరు నుంచి మూడుకు, ఆసు-రాజు వచ్చే విధాలు పదహారు నుంచి పన్నెండుకు తగ్గుతాయి; పెద్ద చేతులను ఇలా అడ్డుకునే గుణం వల్లనే చివరి స్థానపు పెంపుకు ఈ చేయి తగినదవుతుంది.

ఉమ్మడి ముక్కలు తెరిచాక ఎలా నడుచుకోవాలన్నది ఇంతకన్నా సున్నితమైన విషయం. మొదటి మూడు ముక్కల్లో ఆసు వచ్చే అవకాశం నూటికి 17, అంటే సుమారు ఆరింటికోసారి మాత్రమే. మిగిలిన సందర్భాల్లో ఆటగాడు తన స్థానం మీదనే ఎక్కువగా ఆధారపడాలి. ముందు మాట్లాడవలసినవారు పందెం కాయకుండా ఊరుకుంటే, చివరివాడు చిన్న పందెం వేసి సొమ్ము తీసుకోవచ్చు, లేదా తానూ ఊరుకుని తరువాతి ముక్కను ఖర్చు లేకుండా చూడవచ్చు. ఆసు తెరుచుకున్నప్పుడు మాత్రం బలహీనమైన తోడు ఉన్నవాడు ఒకటి రెండు మోస్తరు పందేలకు పరిమితమై, మూడు విడతలూ పెద్ద పందేలు సాగే పోరాటానికి దూరంగా ఉండటం మేలు. ఎందుకంటే తనకన్నా తక్కువ చేయి ఉన్నవారు అంతదూరం వెంటరారు, వచ్చేవారు మేలైన తోడుతోనో రెండు జోడీలతోనో వస్తారు. ఆసు పడిన బల్ల మీద ఎదుటివాడు పందేన్ని తిరిగి పెంచాడంటే, చాలా సందర్భాల్లో ముక్కలు పారేయడమే లాభం.

తన కన్నా ముందు ఎవరో ఒకరు పందెం పెంచి ఉంటే ఇంతవరకు చెప్పిన లెక్క తలకిందులవుతుంది. ఒక చేతితో తానే పెంచడానికి సరిపోయే బలం, మరొకరి పెంపుకు ఎదురు నిలవడానికి చాలదు. అమెరికన్ పోకర్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ ఈ తేడాను ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. పెంచినవాడు బ్లైండుదారులు పారేస్తారన్న ఆశతో కూడా గెలవగలడు. ఎదురు నిలిచినవాడికి ఆ మార్గం మూసుకుపోయింది, అతను ముక్కల బలంతోనే గెలవాలి. మొదటి కుర్చీలవాడు పెంచాడంటే అతని వద్ద ఉండగల ఆసులన్నీ పెద్ద తోడు ఉన్నవే కాబట్టి, చివరి కుర్చీలో ఉన్నా ఆసు-ఏడును పారేయడమే సరైన పని. అలాగే బ్లైండులలో ఉన్నవారు దేనికీ తప్పుకోని మొండివారైతే, వారిని బెదిరించి సొమ్ము తీసుకునే ప్రయత్నం మానుకోవాలి. స్థానం ఇచ్చే లాభం అంతా ఎదుటివాడు పారేయగలగడం మీద ఆధారపడి ఉంది.

స్థానానికి ఇంత విలువ ఉందన్నది ఆటగాళ్ల నమ్మకంగా మిగిలిపోలేదు. జాన్ ఫాన్ నాయిమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ 1944లో వెలువరించిన క్రీడా సిద్ధాంత గ్రంథంలో పోకర్‌ను సరళరూపంలో విశ్లేషించి, బలం లేకుండా పందెం కాయడం కూడా హేతుబద్ధమైన వ్యూహంలో తప్పనిసరి భాగమని చూపారు. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరే ఆడే, పందెం పరిమాణానికి హద్దులున్న హోల్డెమ్‌ను కంప్యూటర్‌తో దాదాపు సంపూర్ణంగా సాధించి, ఆ ఫలితాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరూ లోపం లేకుండా ఆడినా పంపకందారు స్థానంలో ఉన్నవాడికి ఆటకు సగటున పెద్ద బ్లైండులో సుమారు నూటికి తొమ్మిది వంతుల లాభం మిగులుతుందని అందులో తేలింది. నూరు ఆటలకు తొమ్మిది పెద్ద బ్లైండుల మేర ఉండే ఆ లాభం ముక్కల వల్ల వచ్చినది కాదు, కేవలం కుర్చీ వల్ల వచ్చినది.

ఇదే ప్రశ్నను తీన్ పత్తీకి వేస్తే నైపుణ్యానికి ఉన్న చోటు ఎంత కుదించుకుపోతుందో తెలుస్తుంది. మూడు ముక్కలు 22,100 విధాలుగా రావచ్చు. జోడీ గాని, కలర్ గాని, వరుస గాని లేకుండా ఆసు పెద్దగా ఉన్న చేతులు వాటిలో 3,840. ఆసు-రెండు-మూడు వరుసలో చేరిపోతుంది కాబట్టి ఈ చేతుల్లో అట్టడుగుది ఆసు-నాలుగు-రెండు. అది కూడా మొత్తం చేతుల్లో నూటికి 57ను ఓడిస్తుంది. ఎదురుగా ఒక్కడే ఉంటే అది మొగ్గు ఉన్న చేయి. నలుగురు ఉంటే అందరినీ మించే అవకాశం ఉజ్జాయింపుగా పదింట ఒకటి. మనుషుల సంఖ్యను బట్టి ఆసు విలువ మారడం ఇక్కడా ఉంది గాని, ఉమ్మడి ముక్కలు లేవు, పంచిన తరువాత కొత్తగా తెలిసే సమాచారం ప్రధానంగా ఎదుటివారి పందెమే. అందువల్ల చివరివాడు సంపాదించే తెలివికి పరిమితి ఉంది.

ఈ తేడా మీదనే తెలుగు నేల మీద ఒక ప్రసిద్ధమైన తీర్పు నిలబడింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో జరిగిన రమ్మీ ఆట మీద నిజాం కాలపు, 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద చట్టం కింద నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో న్యాయమూర్తి హిదాయతుల్లా వెలువరించిన తీర్పు, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలోను, ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న ఎంపికలోను రమ్మీకి నైపుణ్యం అవసరమని గుర్తించి, మూడు ముక్కల ఆటను కేవలం అదృష్టపు ఆటగా దాని నుంచి వేరుచేసింది. పోకర్ విషయంలో హైకోర్టులు ఏకాభిప్రాయానికి రాలేదు: 2017లో గుజరాత్ హైకోర్టు దానికి నైపుణ్యపు ఆట హోదా నిరాకరించింది, 2024లో అలహాబాద్ హైకోర్టు ఆ హోదాను అంగీకరించింది. తెలంగాణలో ఈ చర్చకు ఆచరణలో చోటు లేదు. 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యపు ఆటలకు ఉన్న మినహాయింపును రాష్ట్రం 2017లో తొలగించి, ఆన్‌లైన్ పందేలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణ లేకుండా, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. కాబట్టి బెల్లంపల్లిలోని పాఠకుడికో విద్యార్థికో ఈ లెక్క డబ్బు లేని ఆటగా, సంభావ్యతా గణితంలో ఒక పాఠంగా మాత్రమే ఉపయోగపడుతుంది.

పాఠంగా చూసినా దీని నుంచి గ్రహించవలసింది తక్కువ కాదు. సరైన స్థానంలో సరైన లెక్కతో ఆడిన ఆటగాడికి దక్కే మొగ్గు నూరు ఆటలకు కొద్ది బ్లైండులు మాత్రమే. ప్రతి పందెం నుంచి నిర్వాహకుడు తీసుకునే రుసుము దానిని సులభంగా మింగివేయగలదు, కొద్ది ఆటల అదృష్టమో దురదృష్టమో దానిని నెలల తరబడి కనిపించకుండా చేయగలదు. నైపుణ్యం ఉన్న ఆట అన్న మాటకు ఆడినవాడు గెలుస్తాడన్న అర్థం లేదు. చాలామందికన్నా తక్కువ తప్పులు చేసేవాడు, చాలా కాలం పాటు ఆడితే, రుసుము పోను మిగుల్చుకోగలడేమో అన్నంత వరకే దాని అర్థం. చివరి కుర్చీలోని చిన్న ఆసు ఈ సంగతిని స్పష్టంగా చూపుతుంది: వెనుక ఇద్దరే మిగిలినప్పుడు దానిని ధైర్యంగా ముందుకు నెట్టడం, ఎదురుదెబ్బ తగిలిన మరుక్షణం మనసు కష్టపెట్టుకోకుండా పారేయడం, ఈ రెండూ ఒకే లెక్కలోని రెండు భాగాలు. మొదటిది మాత్రమే నేర్చుకుని రెండవది వదిలేసినవాడికి ఏ కుర్చీ అయినా నష్టాన్నే తెస్తుంది.